డాక్టరు వచ్చేదాకా

గోడకు కన్నం పెట్టడానికి వీల్లేదని
ఇంటి ఏజెంటు రెండే వాక్యాల్లో రాశాడు.
సరే అనుకున్నాం.
ఆ వారమే మా గాస్నెల్స్ వీధుల్లో
జనం పాత సామాన్లు బయటపెట్టే రోజు.
చిరిగిన ట్రాంపొలీను పక్కన, ఎవరిదో పరుపుకి ఆనుకుని
ఒక స్టాండు ఫ్యాను, మెడ కాస్త వాలి ఉంది.
సుధీంద్ర దాన్ని భుజానేసుకొచ్చాడు
తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు.

మూడో నంబరు పనిచెయ్యదు.
రెండు చాలు.

తల అటూ ఇటూ తిప్పుతుంది.
కాదు, అంటుంది బీరువాతో.
కాదు, అంటుంది నాతో.
ఏజెంటు ఒక్కసారే కాదన్నాడు,
ఇది పొద్దస్తమానం అంటూనే ఉంటుంది,
అయినా దీనిమీద కోపం రాదు.

రోళ్లు పగిలే ఎండలు ఇక్కడ జనవరిలో.
సూర్యుడు ఉత్తరంగా నడిచిపోతాడు.
అది తెలియక మొదటేడు
దక్షిణపు కిటికీకి దుప్పటి కట్టాను.
పక్కింటి మావిస్ చూసి,
ఎనభై నాలుగేళ్ల నవ్వు నవ్వి,
గోడ మీంచే పాఠం చెప్పింది:
పొద్దున్న వీచే తూర్పుగాలి ఎడారిది, తలుపు తియ్యకు.
ఎనిమిదింటికల్లా పరదాలు దించెయ్.
సాయంత్రం డాక్టరు వస్తాడు,
అప్పుడు అన్నీ బార్లా తెరువు.

ఏ డాక్టరని అడిగాను.
సముద్రం వైపు గడ్డం చూపించింది.
ఫ్రీమాంటిల్ నుంచి వచ్చే గాలికి
ఈ ఊరివాళ్లు పెట్టుకున్న పేరట.
మందివ్వడు, ఫీజడగడు.
మా పేటదాకా రావడానికే ఆలస్యం చేస్తాడు,
కొన్నిరోజులు అసలు రాడు.

వకుళ ఫ్యాను ముందు బాసింపట్టు వేసుకుని
అక్షరాలు వల్లిస్తుంది.
అ అంటే అర్ర్ర్.
ఆ అంటే ఆర్ర్ర్ర్ర్.
నేను ఎంత బతిమాలినా నోరు తిరగని బండి ఱని
మూడు ప్లాస్టిక్ రెక్కలు నేర్పేస్తున్నాయి.
"అమ్మా, ఫ్యానుకి తెలుగు వచ్చు!"
దాని జుట్టంతా వెనక్కి లేచి
చిన్న రాక్షసిలా ఉంటుంది.

గది దాటితే స్విచ్చి ఆపాలి, ఇది మా ఇంటి చట్టం.
ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటినే.
మనిషి లేనిచోట
అది వేడిగాలిని కలియబెడుతుంది, అంతే.

నలభై మూడు దాటిన మంగళవారం
రెండింటికి కరెంటు పోయింది.
తలుపు వైపు తిరుగుతూ ఫ్యాను
కా... అని ఆగిపోయింది,
దు అనకుండా.
ఫ్రిజ్ గురక కూడా లేదు.
ఇల్లు ఇంత పెద్ద చప్పుడుతో బతుకుతోందని
అప్పుడే తెలిసింది.

మావిస్ ఇంటి దక్షిణపు నీడలో
అందరం చేరాం.
బకెట్టు నీళ్లలో ఆరు పాదాలు,
ఆమె ముసలి కుక్క మూతి కూడా.
పిజ్జా డబ్బా మూత నా విసనకర్ర,
పోయినేటి క్యాలెండరు ఆమెది.
నేను ఆమెకి విసిరాను.
ఆమె వకుళకి విసిరింది.
వకుళ చెప్పు తీసుకుని కుక్కకి విసిరింది.
విసిరేవాళ్లకి చెమట, ఎదుటివాళ్లకి చలువ,
ఏ మీటరూ తిరగని లెక్క.
"మా లెన్ నాకు ఇలాగే విసిరేవాడు," అంది మావిస్,
"పోట్లాడుకున్న రాత్రి కూడా."
తరవాత చాలాసేపు ఏమీ అనలేదు.

అయిదు దాటాక
యూకలిప్టస్ చివరన ఒక ఆకు వెన్ను చూపించింది.
తరవాత కొమ్మ.
తరవాత చెట్టంతా తెల్లబడి ఒక్కసారిగా ఇటు తిరిగింది.
"వచ్చాడు," అంది మావిస్,
గౌను సర్దుకుంటూ.
మెడ మీద ఉప్పు చల్లబడింది.
వకుళ నా తొడ మీద తల పెట్టి
నిద్రలోకి జారిపోయింది.

అప్పుడొచ్చింది కరెంటు.
మా ఇంట్లో, ఎవరూ లేని గదిలో
దు... దు... అంటూ
ఫ్యాను తిరగడం వినిపిస్తోంది.
లేచి ఆపాలి.
దండగ.
లేస్తాను,
ఈ గాలి ఒక్కటీ వెళ్లిపోయాక.